మర్యాద నేర్చిన కంపైలర్

హార్లో జంక్షన్, నార్త్ డకోటా
మార్చి 9, 1986

బెర్నీకి,

నువ్వు పంపిన ఫ్లాపీలు చేరాయి. పోస్టాఫీసులో ఆ కవరును తీసుకెళ్ళి వేడి గొట్టాల మీద పెట్టారు. కరిగిపోయాయేమోనని గుండె గుభేలుమంది. పర్లేదు, కంప్యూటర్ చదువుతోంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పుట్టి బుద్ధెరిగాక గోధుమని రొట్టెగా తప్ప చూడలేదు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. మాది రైతుల సహకార సంఘం వాళ్ళ గోదాము. లారీల్లో వచ్చిన గోధుమల్ని నేలలో ఉన్న గొయ్యిలోకి పోస్తారు. గొయ్యి అడుగు నుంచి బకెట్లు బిగించిన పొడుగాటి బెల్టు ఒకటి వాటిని పైకి మోసుకెళ్ళి గాదెల్లోకి దిమ్మరిస్తుంది. ఆ బెల్టు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో, ఏ గాదె తలుపు తెరవాలో చెప్పేది ఒక పాత కంప్యూటర్. దానికి ప్రోగ్రాం రాసిన పామర్ స్టెన్స్‌రూడ్ కిందటేడు పోయాడు. కంప్యూటర్ కూడా ఆయన దారే పట్టేలా ఉంది. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడింది కనుక విడిభాగాలు దొరకవు.

ఆగస్టులో కోతలు. ఆలోగా పామర్ ప్రోగ్రాం కొత్త కంప్యూటర్ మీద నడవాలి. లేకపోతే రైతులు పక్క జిల్లా గోదాముకి తోలుకుపోతారు, ఒకసారి దారి మళ్ళిన లారీ మళ్ళీ ఇటు తిరగదు. పైగా గొయ్యిలో గింజలు అడ్డుపడితే బెల్టు ఆపి, కిందికి దిగి, చేత్తో తీసేది మా తమ్ముడు డ్వేన్. కాబట్టి ప్రోగ్రాం దాదాపు సరిగ్గా నడిస్తే నాకు చాలదు.

మొత్తం మళ్ళీ రాసే వ్యవధి లేదు. అందుకని పామర్ భాషని నీ కంపైలర్ చదివే మధ్య కోడ్‌లోకి మార్చే అనువాదకం ఒకటి రాస్తున్నాను. అక్కణ్ణించి యంత్రభాషలోకి మార్చడం నీ కంపైలర్ పని. చిక్కల్లా నీ సబ్‌రొటీన్ల నియమంతోనే. ఒక్కో పనికీ గదిలాంటి సబ్‌రొటీన్ ఒకటి ఉండాలంటావు, ప్రతి పంక్తీ ఏదో ఒక సబ్‌రొటీన్‌లో ఉండాలంటావు. లోపలికి రావాలంటే పైనుంచే రావాలంటావు, బయటికి పోవాలంటే అడుగున "వెనక్కి వెళ్ళు" అని రాసే పోవాలంటావు. పామర్ ప్రోగ్రాంకి గదులూ లేవు, గోడలూ లేవు. ఎక్కణ్ణించి పడితే అక్కడికి దూకుతుంది. ఒక పని అయ్యాక ఆగకుండా దాని కింద రాసిన పనిలోకి జారిపోతుంది, అదీ కావాలనే.

ఈ ఒక్కసారికి నీ నియమం కాస్త సడలించకూడదా?

నీ
ఆర్డిస్

*

పోర్ట్‌లాండ్, ఒరెగాన్
మార్చి 20

ఆర్డిస్ తల్లీ,

సడలించను.

ఫార్గోలో మన హాస్టల్ గది మధ్యలో నేల మీద సుద్దగీత గీసినదాన్ని. గీత దాటి వచ్చిన నీ మేజోడుని కిటికీలోంచి మంచులోకి విసిరినదాన్ని. ఇప్పుడు మారతానని ఎలా అనుకున్నావే?

సరదాకి పెట్టిన నియమం కాదది. లెక్కలు చేసేటప్పుడు యంత్రానికి చేతికందే గూళ్ళు కొన్నే ఉంటాయి. ఏ విలువని ఏ గూట్లో పెట్టాలో నా కంపైలర్ ఒక్కో సబ్‌రొటీన్ గోడల మధ్యే తేల్చుకుంటుంది. గోడల్లేవంటే ఎవరి సామాను ఎవరిదో దానికి తెలియదు. నీ తూకం పోయి ఇంకెవరి తలుపు నంబరు మీదో కూర్చుంటుంది. అప్పుడు నువ్వే నాకు ఫోన్ చేసి తిడతావు.

పామర్ గారి ఆత్మకి శాంతి కలుగుగాక, ఆయన కోడ్‌ని మాత్రం కోసి పెట్టెల్లో సర్దాల్సిందే. భయపడకు. ఎక్కడైనా తప్పితే నా కంపైలర్ ఊరుకోదు. పంక్తి నంబరుతో సహా అరుస్తుంది. ముఖ్యంగా ఏ సబ్‌రొటీన్ అడుగునైనా "వెనక్కి వెళ్ళు" మరిచిపోయావో, నీ ఇంటి పైకప్పు ఎగిరేలా అరుస్తుంది. ఆ కేకలు వింటూ సరిచేసుకుంటూ పో. అంతకంటే మంచి కాపలా కుక్క దొరకదు నీకు.

డ్వేన్ ఇంకా కర్లింగ్ ఆడుతున్నాడా? మంచు మీద రాయి తోసి, దాని ముందు చీపురుతో ఊడ్చే ఆటని ఆట అంటారని ఇక్కడెవరూ నమ్మడం లేదు.

నీ
బెర్నీ

*

హార్లో జంక్షన్
ఏప్రిల్ 6

బెర్నీకి,

నీ నియమం పాటించాను. అక్షరాలా పాటించాను.

పామర్ ప్రోగ్రాం మొత్తాన్నీ ఒకే ఒక్క సబ్‌రొటీన్‌లో పెట్టాను. పైన ఒక పేరు, అడుగున ఒక "వెనక్కి వెళ్ళు". ఒకే గది అయితే ఇక గోడలు దాటే గొడవే ఉండదు కదా. దూకుళ్ళన్నీ లోపల్లోపలే.

పొద్దున కాఫీ తాగి నీ కంపైలర్‌కి అప్పగించాను. చర్చి నేలమాళిగలో ముసలి ఇంగా గారి అంత్యక్రియల భోజనం ఉంటే వెళ్ళి, బంగాళాదుంపల హాట్‌డిష్ తిని, గిన్నెలు కడిగి వచ్చాను. ఇంకా నడుస్తూనే ఉంది. డ్వేన్ వచ్చి తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంటి ఆర్డిస్, ఇది ఆలోచిస్తోందా, అలిగిందా?" అన్నాడు.

చీకటి పడే వేళకి మెమరీ చాలడం లేదని చెప్పి ఆగిపోయింది. దానికి మెమరీ చాలలేదు, నాకు ఓపిక చాలలేదు.

డ్వేన్ కర్లింగ్ ఆడుతున్నాడు. వసంతపు పోటీలో రెండో స్థానం. ఎలా జరిగిందంటే "పర్లేదు" అన్నాడు.

ఆర్డిస్

*

పోర్ట్‌లాండ్
ఏప్రిల్ 17

ఆర్డిస్,

నీ ఉత్తరం ఆఫీసులో పైకి చదివాను, అందరూ పడీపడీ నవ్వారు. ఊరంతటినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఎవరి కుర్చీ ఎవరిదో తేల్చమంటే అది మాత్రం ఏం చేస్తుందే పాపం!

అయితే ఒక ఉపాయం చెబుతా విను. నియమాన్ని మీరకుండానే పక్క సందులోంచి పోయే దారి. పామర్ కోడ్‌లో ఎక్కడెక్కడికి దూకుడు ఉందో అక్కడల్లా కోసెయ్. ఒక్కో ముక్కా ఒక చిన్న సబ్‌రొటీన్. ముక్కలేవీ ఒకదాన్నొకటి పిలుచుకోవు. ప్రతి ముక్కా పని ముగించి వెనక్కి వెళ్ళేటప్పుడు ఒక నంబరు చెబుతుంది: "నా తరవాత ఫలానా ముక్కని పిలవండి" అని. మధ్యలో దళారిలా ఒకే ఒక సబ్‌రొటీన్ కూర్చుని ఆ నంబరు చూసి పిలుస్తూ ఉంటుంది. సున్నా చెబితే "ఇక ఈ పని అయిపోయింది" అని అర్థం. దూకుడు కూడా నంబరే, జారడం కూడా నంబరే. నాకు గోడలు కావాలి, నీకు దూకుళ్ళు కావాలి, ఇద్దరి పంతమూ నెగ్గుతుంది.

దీంతో పాటు కంపైలర్ కొత్త కూర్పు ఫ్లాపీ పంపుతున్నాను. చిన్న ముక్కలు ఎక్కువున్నప్పుడు పాతదానికంటే బాగా వేగంగా నడుస్తుంది. పాతది చెత్తబుట్టలో వెయ్. మా అమ్మకాల వాళ్ళు దానికి నోటి దురుసు ఎక్కువైందని, కాస్త మర్యాద నేర్పమని నా ప్రాణం తీస్తున్నారు. పనుల మీద పనులు.

నీ
బెర్నీ

*

హార్లో జంక్షన్
జూన్ 11

బెర్నీకి,

నడుస్తోంది!

నీ దళారి ఉపాయం పనిచేసింది. కోయడం అనుకున్నంత తేలిక కాలేదు. పామర్ కొన్నిచోట్ల ఒక లెక్క మధ్యలోకి కూడా దూకాడు, మహానుభావుడు. అలాంటి చోట్లన్నీ నీ కంపైలర్ పట్టుకుని అరిచింది, నేను సరిచేశాను. ఒక ముక్క కింది ముక్కలోకి జారిపోయే చోట్లు కూడా నాకు కనిపించినవన్నీ నంబరు వేసి కలిపాను. కనిపించనివేమైనా ఉంటే అడుగున "వెనక్కి వెళ్ళు" ఉండదు కాబట్టి ఎలాగూ అది అరుస్తుంది కదా అని దాని మీద భారం వేశాను. మే చివర ఒక రోజు అరుపులు పూర్తిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, నమ్ము.

గాదెల్లో మిగిలిన పాత గోధుమల్ని ఒక గాదెలోంచి ఇంకోదానిలోకి మార్చి చూశాం. తలుపులు సరిగ్గా తెరుచుకున్నాయి. గొయ్యి దగ్గర ఆపుడు మీట నొక్కితే బెల్టు ఆగింది. మేనేజర్ పాత కంప్యూటర్ కట్టేసి, టోపీ తీసి గుండెల దగ్గర పెట్టుకున్నాడు. ఆయన భార్య రూబార్బ్ కేకు చేసుకొచ్చింది. డ్వేన్ రోజంతా బెల్టు చుట్టూ తిరిగి సాయంత్రం నా దగ్గరికొచ్చి, "బాగానే ఉంది," అన్నాడు. వాడి నోట "పర్లేదు" కాకుండా ఇంకో మాట వినడం వాడి పెళ్ళి తరవాత ఇదే.

నీకు రుణపడ్డాను. కోతలకి రా, గోధుమ ఎలా ఉంటుందో చూపిస్తాను.

నీ
ఆర్డిస్

*

కానన్ బీచ్, ఒరెగాన్
జూన్ 22
(కార్డు)

ఆర్డిస్, సముద్రం ఒడ్డున వాన. స్వెటర్ వేసుకుని ఐస్‌క్రీం తింటున్నాను. నీ ఉత్తరం మా యజమానికి చూపించాను, ధాన్యం గోదాములో కూడా మన కంపైలర్ నడుస్తోందని కరపత్రంలో వేయిస్తాడట. పామర్ కోడ్ నా గోడల మధ్య కాపురం చేస్తోందంటే నాకెంత గర్వంగా ఉందో! డ్వేన్‌కి ముద్దులు. సిగ్గుపడతాడులే. – బె.

*

హార్లో జంక్షన్
జులై 8

బెర్నీ,

ఒక ప్రశ్న. ఒక సబ్‌రొటీన్ అడుగున "వెనక్కి వెళ్ళు" అని లేకపోతే, నువ్వు ఏప్రిల్‌లో పంపిన కంపైలర్ ఏం చేస్తుంది? ఉన్నదున్నట్టు రాయి. వీలైనంత త్వరగా.

ఆర్డిస్

*

పోర్ట్‌లాండ్
జులై 14

ఆర్డిస్ దొరసాని గారికి వందనాలు!

అబ్బో, ఎంత ముక్తసరిగా రాశావే! ఎండలు ఎక్కువగా ఉన్నాయా? ఉన్నదున్నట్టు చెబుతున్నా: ఏమీ చేయదు. అంటే, అరవదు. లేని "వెనక్కి వెళ్ళు"ని అదే రాసుకుంటుంది, నంబరు అడిగితే సున్నా ఇస్తుంది, నోరు మూసుకుని ముందుకి పోతుంది. మర్యాద నేర్పమంటున్నారని రాశాను కదా, అదే ఆ మర్యాద. ఒక బ్యాంకు వాళ్ళు తమ పెద్దాఫీసరు ముందు కంపైలర్ అరిచిందని చిన్నబుచ్చుకున్నారట. అడుగున ఒక్క మాట మరిచిపోతే అంత యాగీ ఎందుకని మావాళ్ళు. సరే పొమ్మని మార్చాను. నీకు శ్రమ తగ్గించినందుకు నువ్వు నాకు ఒక కేకు బాకీ.

ఏంటి, కొత్తగా ఏమైనా రాస్తున్నావా?

బెర్నీ

*

హార్లో జంక్షన్
జులై 19

బెర్నీ,

నీ జవాబు వచ్చింది. నేను అనుకున్నదే.

పామర్ ప్రోగ్రాంలో గొయ్యి దగ్గరి ఆపుడు మీటకి ఒక ముక్క ఉంది. బెల్టు ఆపుతుంది. ఆపి, దాని కిందనున్న ముక్కలోకి జారుతుంది. ఆ కింది ముక్క చేసే పని ఒక్కటే: మనిషి పైకొచ్చి మీటని వెనక్కి తిప్పేదాకా ఎవరడిగినా బెల్టుని కదలనివ్వకపోవడం. ఆ జారుడు నా కంటపడలేదు. మధ్యలో ఒక షరతు అడ్డం వచ్చింది, దాని వెనక దాక్కుంది. నీ కంపైలర్ అక్కడ తనంతట తానే "వెనక్కి వెళ్ళు, సున్నా" అని రాసుకుంది. దళారి సున్నా చూసి పని అయిపోయిందనుకుంది.

కాబట్టి బెల్టు ఆగేది. ఆగి ఉండేది మాత్రం కాదు. నేను పరీక్షించినప్పుడు ఆగుతుందా అని చూశాను. ఆగింది. ఆగినది మళ్ళీ కదులుతుందా అని చూడాలని నాకు తోచలేదు.

జులై 3న గొయ్యిలో గింజలు అడ్డుపడ్డాయి. డ్వేన్ మీట నొక్కి దిగాడు. పైన మెయిన్ స్విచ్‌కి తాళం వేసి దిగాలని గోడ మీద బోర్డు ఉంది. పామర్ రోజుల నుంచీ ఎవరూ వేయరు, ప్రోగ్రామే తాళం కదా. అదే సమయానికి తూకం దగ్గరికి కిందటేటి గోధుమలతో ఒక లారీ వచ్చింది. తూకం ముక్క బెల్టుని అడిగింది. బెల్టు కదిలింది.

కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. చిటికెన వేలు, దాని పక్కది.

మైనాట్ ఆసుపత్రికి నేనే ట్రక్కులో తీసుకెళ్ళాను. చెయ్యి చుట్టూ నా స్వెటర్ చుట్టి పట్టుకున్నాడు. దారిలో ఒక్కటే మాట అడిగాడు: "ఆ లారీ ఆయనకి తూకం రసీదు ఇచ్చారా?"

నీకు ఆ చిన్న ఉత్తరం రాసేటప్పుడు ఇదంతా ఎందుకు రాయలేదంటే, నువ్వు భయపడి జాగ్రత్తగా జవాబిస్తావని. ఉన్నది ఉన్నట్టు కావాలి నాకు. వచ్చింది, కేకుతో సహా.

"పైకప్పు ఎగిరేలా అరుస్తుంది" అని రాసింది నువ్వే. ఆ ఉత్తరం నా బల్ల మీద ఉంది. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. నా మీద ఇంకా ఎక్కువ.

కోతలకి కొన్ని వారాలే ఉన్నాయి. ఈ ప్రోగ్రాం కింద మనుషులు నిలబడవచ్చని నేను పూచీ ఇస్తే గోదాము తెరుస్తామని, లేకపోతే ఈ ఏడాది తలుపులే తీసేది లేదని సంఘం బోర్డు తేల్చి చెప్పింది. ఇంకెన్ని చోట్ల ఆ సున్నాలున్నాయో నాకు తెలియదు. పాత కంపైలర్ కావాలి, అరిచేది. నాది నువ్వు చెప్పినట్టే చెత్తబుట్టలో వేశాను.

ఆర్డిస్

*

పోర్ట్‌లాండ్, ఒరెగాన్
జులై 28, 1986

శ్రీమతి ఆర్డిస్ హ్యూస్‌బీ గారికి,

జులై 19 నాటి మీ ఉత్తరం అందినది. మీ సంస్థలో జరిగిన సంఘటన పట్ల మా సానుభూతి తెలియజేస్తున్నాము. మా ఉత్పత్తి దానితో పాటు ఇచ్చిన వివరణ పుస్తకంలో పేర్కొన్న విధంగానే పనిచేయుచున్నదని గమనించగలరు. మనుషుల భద్రతకు సంబంధించిన యంత్రములపై దానిని వాడుట వినియోగదారుని సొంత బాధ్యత. పాత కూర్పులు ప్రస్తుతం సరఫరాలో లేవు. తదుపరి కూర్పులో తగు మార్పులు పరిశీలింపబడును.

ఇట్లు,
బెర్నడెట్ లవెల్
సాంకేతిక విభాగం

*

హార్లో జంక్షన్
ఆగస్టు 1

బెర్నీ,

ఈ "శ్రీమతి గారు" ఎవరు?

ఆర్డిస్

*

పోర్ట్‌లాండ్
ఆగస్టు 6

ఆర్డిస్,

ఆ ఉత్తరం లాయరు చెబుతుంటే నేను టైపు కొట్టాను. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. డబ్బాలో వేసి ఇంటికి వచ్చాను. ఆ తరవాత నీ ఒక్క పంక్తి ఉత్తరం వచ్చింది. చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అందరూ చూశారు, చూడనీ.

మార్చిలో అరుస్తుందని నీకు రాశాను. ఏప్రిల్‌లో దాని నోరు నొక్కాను. నొక్కిన ఫ్లాపీని నా చేత్తో నీ కవర్లో పెట్టాను. "ఇది ఇక అరవదు సుమా" అని ఒక్క ముక్క రాయడానికి తోచలేదు. నా దృష్టిలో అది మార్పే కాదు, ఏదో మొహమాటానికి చేసిన పని. మొహమాటానికి పోతే ఏమవుతుందో మా అమ్మమ్మ మోటుగా చెప్పేది, ఆ మాట ఇక్కడ రాయలేను. గీత దాటిన మేజోడుని విసిరేసినదాన్ని, గోడే లేనిచోట బొమ్మ గోడ గీసి ఊరుకున్నాను. వచ్చినవాడు దాన్ని నమ్మి ఆనుకుంటాడని అనుకోలేదు.

మా యజమాని దగ్గరికి వెళ్ళాను. ఈ కంపైలర్ కొన్న ప్రతి ఒక్కరికీ ఇవాళే చెప్పాలన్నాను.

"వచ్చే కూర్పులో సరిచేద్దాం బెర్నడెట్. ఇప్పుడు చెబితే ఆ రైతుల లాయరు చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు," అన్నాడు.

"వచ్చే కూర్పు చలికాలంలో. ఈలోగా ఇంకొకరి చెయ్యి పోతే?"

"పోతుందని నీకెలా తెలుసు?"

"పోదని మీకెలా తెలుసు?"

"నువ్వు ఉత్తరాలు రాయడానికి వీల్లేదు. అంతే."

రాశాను. కొన్నవాళ్ళ చిరునామాలన్నీ నాకు తెలుసు, కవర్లు అంటించిందీ నేనే కదా. వాళ్ళలో ఒకరు ఊరి మంచినీళ్ళ పంపులకి వాడుతున్నారట. వెంటనే ఫోన్ చేసి, కొత్తది వచ్చేదాకా పంపుల దగ్గర మనిషిని పెడతామన్నారు. ఆ మధ్యాహ్నమే నా బల్ల ఖాళీ చేయించారు. నా కాఫీ కప్పు నాకు పెట్టెలో పెట్టి ఇచ్చింది ఎవరనుకున్నావు, నోటి దురుసు అన్న ఆ అమ్మకాల అబ్బాయే. నా మొహం చూడలేదు.

వెళ్ళే ముందు ఒక పని చేసి వెళ్ళాను. ఇందులో ఉన్న ఫ్లాపీ అదే. ఏ సబ్‌రొటీన్ అడుగునైనా "వెనక్కి వెళ్ళు" లేకపోతే అరవడం ఒక్కటే కాదు, ఒక్క అక్షరం కూడా తయారుచేయదు. బతిమాలినా చేయదు. బేరం లేదు.

డ్వేన్‌కి నేను రాయవచ్చా? రాయొద్దని నువ్వంటే రాయను.

బెర్నీ

*

హార్లో జంక్షన్
ఆగస్టు 17

బెర్నీకి,

ఫ్లాపీ వచ్చింది. అరిచింది. పేజీ నిండి ఇంకో పేజీ సగానికొచ్చేదాకా అరిచింది.

నేను ఒక్క చోటే తప్పాననుకున్నాను బెర్నీ. చాలావరకు ఏ ప్రమాదమూ లేనివి, రసీదు అచ్చయ్యాక కాగితం జరపడం లాంటివి. కానీ ఒకటి ఉంది. ధాన్యం ఆరబెట్టే యంత్రంలో మంట ఆపాక ఫ్యాను తిరుగుతూనే ఉండాలి. అక్కడా సున్నాయే. అక్టోబరులో తడి మొక్కజొన్న వచ్చినప్పుడు తెలిసేది, గోదాము తగలబడ్డాక. ఆ పంక్తి చదివి నేను బయటికెళ్ళి కాసేపు ఎండలో నిలబడ్డాను. నువ్వు ఆ కొత్త ఫ్లాపీ పంపి ఉండకపోతే గొయ్యి దగ్గరి ముక్క ఒక్కటీ సరిచేసి, పూచీ ఇచ్చేసేదాన్ని.

అన్నీ సరిచేశాను. ఇప్పుడది అరవడం లేదు. ఈసారి ఆ నిశ్శబ్దానికి లేచి నిలబడలేదు, మళ్ళీ మొదటి నుంచీ ఒక్కో ముక్కా చేత్తో చూశాను.

నీ ఉద్యోగం సంగతి డ్వేన్‌కి చెప్పాను. "ఆవిణ్ణి రాయమను. పెద్ద అక్షరాలతో రాయమను, ఎడం చేత్తో పట్టుకుని చదవాలి," అన్నాడు. వేళాకోళమే. కాబట్టి రాయి. క్షమించమని మాత్రం రాయకు, వాడు ఇబ్బంది పడతాడు. కర్లింగ్ గురించి అడుగు. ఎడం చేత్తో తోయడం నేర్చుకుంటున్నాడు, రాయి ఇంకా పక్క వరసలోకే పోతోంది. నాకు నీ మీద కోపం పోలేదు, తగ్గింది. నువ్వు లేకపోతే ఎవరితో పోట్లాడాలో నాకు తెలియదు కూడా.

నిన్న బోర్డు వాళ్ళొచ్చారు. మెయిన్ స్విచ్ తాళం ఇకమీదట వేయకుండా దిగినవాడికి ఇక్కడ పని ఉండదని తీర్మానం చేశారు. మంచిదే. అయితే ప్రోగ్రాంని చూడాలంటే ఆ తాళం తీసే చూడాలి, వేసి చూస్తే ఏం తెలుస్తుంది? ఖాళీ గొయ్యితో అప్పటికే ఎన్నిసార్లు చూశానో. కానీ ఈ గోదాములో ఒక పద్ధతి ఉంది. దేన్నయినా బాగుచేసినవాళ్ళే ముందు దాని కిందికి దిగాలి. పామర్ దిగేవాడట. జూన్‌లో కేకు తినే సంబరంలో ఆ సంగతి నాకు ఎవరూ గుర్తుచేయలేదు, నేనూ దిగలేదు.

నిన్న దిగాను. ఆపుడు మీట నొక్కి, నిచ్చెన మీదుగా అడుగుకంటా. అది ఇంత ఇరుకని తెలియదు నాకు. బకెట్ అంచు నా మొహానికి జానెడు దూరంలో ఉంది. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. పైన మీటల పలక దగ్గర డ్వేన్, బెల్టుని కదలమని అడిగే మీట మీద చెయ్యి పెట్టి.

"నొక్కు!" అని అరిచాను.

ఏమీ వినపడలేదు.

"నొక్కావా?"

"లేదు."

"ఏం?"

"నా వల్ల కావట్లేదు ఆర్డిస్. నువ్వు పైకొచ్చెయ్, నేను దిగుతా. నాకైతే అలవాటే. నీకు టైపు కొట్టుకోడానికి పది వేళ్ళూ కావాలి."

"బాగుచేసింది నేను. దిగాల్సింది నేను. నొక్కు."

"వాళ్ళు చూశారుగా ఇందాక, ఖాళీ గొయ్యితో. చాలు కదా?"

"డ్వేన్, నువ్వు రేపట్నించి దిగేది ఇక్కడికే. నొక్కు."

బోర్డు వాళ్ళెవరో పైన దగ్గారు. పైకప్పు మీద పావురాలు తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. తరవాత టక్కుమని మీట పడిన శబ్దం గోడల వెంట కింది దాకా వచ్చింది.

బకెట్ కదల్లేదు.

"ఎర్ర దీపం వెలిగింది," అన్నాడు డ్వేన్ పైనుంచి. "బెల్టు కదలనివ్వనంటోంది. అయిపోయింది, ఇక రా పైకి."

నిచ్చెన పట్టుకుందామని జేబులోంచి చెయ్యి తీశాను. మళ్ళీ పెట్టేసుకున్నాను.

"ఇంకోసారి నొక్కు," అన్నాను.

నీ
ఆర్డిస్